తుఫానులో విహారనౌక: భయపడవలసినది కెరటానికా, తీరానికా?

2019 మార్చి 23వ తేదీ, శనివారం. నార్వే దేశపు పశ్చిమ తీరం వెంబడి 'వైకింగ్ స్కై' అనే విహారనౌక దక్షిణ దిశగా సాగిపోతున్నది. అందులో 915 మంది ప్రయాణికులు, 458 మంది సిబ్బంది, వెరసి 1,373 మంది ఉన్నారు. ఉత్తర ధ్రువానికి చేరువలో రాత్రివేళ ఆకాశాన వెల్లివిరిసే రంగుల వెలుగులను చూడవచ్చినవారిలో అధికులు వయసు మళ్ళినవారే. వాతావరణం బాగుండనందున బోడో అనే రేవులో ఆగవలసిన ఓడ అక్కడ ఆగకుండానే ముందుకు నడిచింది. అప్పటికే గాలి తుఫాను స్థాయికి చేరింది. ఎనిమిది మీటర్లకు మించిన కెరటాలు లేస్తున్నాయి. అంటే రెండంతస్తుల మేడకన్న ఎత్తు.

అయినప్పటికీ ఓడకు అంతవరకు ముప్పేమీ కలుగలేదు. మధ్యాహ్నం రెండు గంటలు కావస్తుండగా హుస్టాడ్‌వికా అనే చోట ఇంజన్లు ఒకదాని వెంట ఒకటి ఆగిపోయాయి. ఆ ప్రాంతం నార్వే నావికులకు చిరకాలంగా భయస్థానం. నీటి లోతు తక్కువ, అడుగున రాళ్ళ గుట్టలు అనేకం, గాలికి అడ్డుగా నిలిచే పెద్ద దీవులు లేవు. కదలిక లేని ఓడను గాలి తీరంవైపు నెట్టసాగింది. కెప్టెన్ ప్రమాద సంకేతం పంపి, రెండు లంగర్లూ దింపించాడు. లంగర్లకు పట్టు చిక్కలేదు. విశాలమైన హాలులో సోఫాలు, బల్లలు, పూలకుండీలు ఈ గోడ నుండి ఆ గోడకు దొర్లుతున్నాయి. కప్పు పలకలు ఊడి మనుషులపై పడుతున్నాయి. ప్రాణరక్షణ చొక్కాలు తొడుక్కుని ప్రయాణికులు గుమిగూడిన చోటికే సముద్రపు నీరు తలుపును బద్దలుకొట్టుకుని వచ్చింది.

ఓడ తిరిగి కొద్దిపాటి వేగం అందుకోవడానికి 39 నిమిషాలు పట్టింది. ఆలోగా 228 మీటర్ల పొడవుగల ఆ నౌక తన పొడవంత దూరం కూడా మిగలకుండా రాళ్ళకు చేరువైందని నార్వే భద్రతా దర్యాప్తు సంస్థ 2024లో వెలువరించిన తుది నివేదికలో అంచనా వేసింది. ఆ మధ్యాహ్నం నుండి మరునాటి ఉదయం వరకు హెలికాప్టర్లు వచ్చిపోతూ, ఒక్కొక్కరినే తాడుతో పైకి లాగి 479 మందిని ఒడ్డుకు చేర్చాయి. సహాయానికి బయలుదేరిన ఒక సరుకు ఓడకు సైతం ఇంజను చెడి, అందులోని తొమ్మండుగురినీ హెలికాప్టర్లే కాపాడవలసివచ్చింది. 24వ తేదీ సాయంత్రం 'వైకింగ్ స్కై' తన ఇంజన్లతోనే, టగ్గు ఓడలు తోడురాగా మోల్డె రేవు చేరుకున్నది. గాయపడినవారు ఉన్నారు గాని ఒక్క ప్రాణమైనా పోలేదు.

ఇంతకూ ఇంజన్లు ఎందుకు ఆగినట్లు? కెరటాలు వాటిని విరుగగొట్టలేదు. ఎడ్లబండి తోలిన ఇంటివారికి ఆ కారణం చెప్పగానే బోధపడుతుంది: కందెన చాలలేదు.

ఇరుసుకు కందెన వలె ఓడ ఇంజనుకు నూనె ప్రాణాధారం. అది ఇంజను అడుగునగల తొట్టెలో నిలువ ఉండి, పంపు ద్వారా పైకి చేరుతుంది. తొట్టె సామర్థ్యంలో 68 నుండి 75 శాతం వరకు నూనె ఉండాలని ఇంజను తయారీదారులు సూచించగా, ఆ ఓడలో 28 నుండి 40 శాతం మాత్రమే ఉన్నదని దర్యాప్తులో తేలింది. ప్రశాంతమైన నీటిలో ఆ కొద్దిపాటి నూనెతోనే పని సాగిపోయేది. ఓడ అటూఇటూ ఒరగడం మొదలయ్యేసరికి తొట్టెలోని నూనె ఒక పక్కకు చేరి, పంపు నోటికి అందకుండా పోయింది. నూనె అందని ఇంజను కాలిపోకుండా తనంతట తాను ఆగిపోయే ఏర్పాటు ఉంటుంది. ఆ ఏర్పాటు తన పని తాను చేసింది. నాలుగు ఇంజన్లలో ఒకటి మరమ్మతు కోసం అంతకు ముందే ఆగి ఉన్నది. మిగిలిన మూడూ ఈ విధంగా నిలిచిపోయాయి. కోట్లాది డాలర్ల నౌక, వేయిమందికి పైగా ప్రాణాలు కొన్ని పీపాల నూనె మీద ఆధారపడిన సందర్భమిది.

విహారనౌక తుఫానులో చిక్కినదన్న వార్త వచ్చినప్పుడెల్లా కెరటాల ఎత్తును గూర్చి, గాలి వేగాన్ని గూర్చి పత్రికలు పతాక శీర్షికలు పెడతాయి. నిజానికి ఇంజను సక్రమంగా నడుస్తూ, చుట్టూ లోతైన నీరు ఉన్నంతవరకు పెద్ద నౌకకు తుఫాను అసౌకర్యమే గాని ఆపద కావడం అరుదు. ఇంజను ఆగి, నేల దగ్గరైనప్పుడే అసలైన గండం.

ఒరిగిన ఓడ మరల నిలిచేదెట్లు?

పది, పదిహేను అంతస్తుల ఎత్తున్న విహారనౌకకు నీటిలో మునిగి ఉండే భాగం ఆరు నుండి తొమ్మిది మీటర్లకు మించదు. చూసేవారికి ఇది బోర్లాపడక ఎట్లా నిలిచినదా అనిపించడం సహజం. తంజావూరు బొమ్మను గుర్తుచేసుకుంటే చాలు. దాని బరువంతా అడుగునే ఉంటుంది గనుక ఎటు తోసినా లేచి నిలబడుతుంది. ఓడలో కూడా ఇంజన్లు, ఇంధనపు తొట్టెలు, నీటి తొట్టెలు, బరువైన ఉక్కు అడుగు అంతస్తులలో ఉంటాయి. పై అంతస్తులను వీలైనంత తేలికగా కడతారు. ఓడ ఒక పక్కకు ఒరిగినప్పుడు ఆ పక్కన మునిగిన భాగం పెరిగి, నీరు దానిని పైకి నెడుతుంది. ఓడ మరల నిటారుగా నిలుస్తుంది.

కెరటం ఏ దిక్కు నుండి తగులుతున్నదనేది తరువాతి ప్రశ్న. ముక్కుకు ఎదురుగా వస్తే ఓడ ముందు వెనుకలుగా లేచి పడుతుంది. కడుపులో తిప్పుతుంది గాని ఓడకు హాని తక్కువ. పక్క నుండి తగిలితే అటూఇటూ ఒరుగుతుంది. సామాను దొర్లేది, మనుషులు పడేది, ఎముకలు విరిగేది అప్పుడే. కాబట్టి గాలివానలో కెప్టెన్ చేసే మొదటి పని వేగం తగ్గించి, ముక్కును కెరటానికి ఎదురుగా నిలపడం. దీనికి ఇంజను నడుస్తుండాలి. చుక్కాని పనిచేయాలంటే దాని మీదుగా నీరు పారాలి, నీరు పారాలంటే ఓడ కదలాలి. ఇంజను ఆగిన ఓడ కొద్దిసేపటిలోనే కెరటానికి అడ్డంగా తిరిగిపోతుంది.

ఆధునిక నౌకలకు నీటి అడుగున రెండు పక్కలా చేప రెక్కల వంటి పలకలు ఉంటాయి. ఓడ ఒరగబోయేసరికి అవి కోణం మార్చుకుని, ఆ ఒరుగును చాలావరకు అణచివేస్తాయి. అయితే వాటికీ వేగమే ఆధారం. నిలిచిన ఓడలో ఆ రెక్కల వలన ఒరిగే ప్రయోజనం స్వల్పం. ముందు వెనుకల ఊపును అవి ఎప్పుడూ ఆపలేవు.

పూరీ, గోపాలపూర్ తీరాలలో తరతరాలుగా స్థిరపడిన నోలియా మత్స్యకారులకు ఈ శాస్త్రమంతా అనుభవంలో ఉన్నదే. తెలుగు మాట్లాడే ఆ కుటుంబాలలో ఏ పెద్దను అడిగినా, తెప్పకు కష్టమంతా ఒడ్డున కెరటం విరిగే చోటనే అని చెబుతాడు. ఆ వరుసలు దాటితే నడిసముద్రంలో అల ఎత్తి దించుతుందే గాని విరిచి కొట్టదు. కారణం కూడా సులభమే. నీటి లోతు కెరటం ఎత్తుకు ఇంచుమించు సమానమయ్యేంతగా తగ్గినప్పుడు అల అడుగుభాగం నేలకు రాసుకుని వెనుకబడుతుంది, పైభాగం ముందుకు తూలి విరుగుతుంది. రెండు మీటర్ల కెరటం మూడు మీటర్ల లోతులో విరిగితే, పది మీటర్ల కెరటం అంతకు అయిదింతల లోతులోనే విరుగుతుంది. హుస్టాడ్‌వికాలో 'వైకింగ్ స్కై'కి ఎదురైన చిక్కులలో ఇదొకటి.

నడిసంద్రంలో ఒక రాత్రి

దీనికి భిన్నమైన ఉదాహరణ 2016 ఫిబ్రవరిలో అమెరికా తూర్పు తీరానికి దూరంగా జరిగింది. 'ఆంథెమ్ ఆఫ్ ద సీస్' అనే మహానౌక 4,500 మందికి పైగా ప్రయాణికులతో, 1,600 మంది సిబ్బందితో 6వ తేదీన న్యూజెర్సీ నుండి బయలుదేరింది. మరునాడు ఉత్తర కరోలినా తీరానికి ఎదురుగా తీవ్రమైన శీతకాలపు తుఫానులో చిక్కుకున్నది. తుఫాను వస్తుందని అమెరికా వాతావరణ శాఖ ముందుగానే తెలియజేసింది. అయినా ఓడ బయలుదేరడాన్ని పలువురు తప్పుపట్టారు, అది న్యాయమైన విమర్శే. గాలి అంచనాలను మించి వీచింది. కెరటాలు తొమ్మిది మీటర్ల ఎత్తున లేచాయి.

కెప్టెన్ ప్రయాణికులందరినీ గదులలోనే ఉండమని ఆదేశించాడు. పన్నెండు గంటలకు పైగా వారు మంచాలను పట్టుకుని గడిపారు. కుర్చీలు విరిగాయి, గాజు సామాను పగిలింది, కప్పు పలకలు రాలాయి. ఓడను నడిపే యంత్రాలలో ఒకదానికి నష్టం కలిగింది. అయితే రెండవది నడుస్తూనే ఉన్నది, చుట్టూ లోతైన నీరు ఉన్నది. ఆ రాత్రంతా ఓడ ముక్కును గాలికి ఎదురుగా నిలిపి ఉంచగలిగారు. ఆరువేల మందికి పైగా ఉన్న ఆ నౌకలో నలుగురికి స్వల్ప గాయాలు తగిలాయని సంస్థ తెలిపింది. యాత్రను రద్దుచేసి 10వ తేదీ రాత్రికి ఓడను వెనుకకు తెచ్చారు. ఆ సంస్థ తదుపరి కాలంలో వాతావరణ పరిశీలనకు సొంతంగా ఒక శాస్త్రజ్ఞుని నియమించుకున్నది.

ఈ రెండు సంఘటనలనూ పక్కపక్కన పెట్టి చూడాలి. రెండవ తుఫానులో గాలి మొదటిదానికన్న బలమైనది. కాని హెలికాప్టర్లు అవసరమైనది మొదటి ఓడకే.

అంతమాత్రాన నడిసముద్రమంటే పూర్తి అభయమని భావించరాదు. ఎక్కడి నుండో ఒక్కసారిగా, చుట్టుపక్కల అలలకు రెట్టింపు ఎత్తున లేచే పెనుకెరటాలు ఉంటాయి. ఇవి నావికుల కట్టుకథలని శాస్త్రజ్ఞులు చాలాకాలం కొట్టివేశారు. 1995లో నార్వే సమీపాన ఒక చమురు వేదికపై అమర్చిన పరికరంలో అటువంటి కెరటం నమోదైన పిదప ఆ సందేహం తీరింది. అదే ఏడాది సెప్టెంబరులో 'క్వీన్ ఎలిజబెత్ 2' నౌక అట్లాంటిక్‌లో తుఫాను దాటుతూ సుమారు 29 మీటర్ల కెరటాన్ని ఎదుర్కొని, ప్రయాణికులెవరికీ ప్రాణహాని లేకుండా బయటపడింది. 2010 మార్చి 3న స్పెయిన్ తీరానికి చేరువలో 'లూయిస్ మెజెస్టీ' విహారనౌకను పెనుకెరటాలు తాకినప్పుడు మాత్రం ఇద్దరు మరణించారు. 2022 నవంబరు 29న దక్షిణ అమెరికా కొనకు సమీపాన 'వైకింగ్ పొలారిస్'లో ఒక ప్రయాణికురాలు ప్రాణాలు కోల్పోయారు. ఈ రెండు చోట్లా ఓడలకు మునిగే ప్రమాదం రాలేదు. పగిలిన కిటికీ అద్దాలే ప్రాణాలు తీశాయి. గాలివానలో పెద్ద అద్దాల దగ్గర నిలిచి ఫోటోలు తీసుకోరాదని సిబ్బంది హెచ్చరించేది ఇందువల్లనే.

మన తీరాన జరిగినవి

బంగాళాఖాతపు తీరాన జరిగిన ఓడ ప్రమాదాలు కూడా ఇదే సంగతిని చెబుతాయి. ఇవి విహారనౌకలు కావు గాని, సముద్రానికి ఆ భేదం లేదు. 2012 అక్టోబరు 31న నీలం తుఫాను వేళ చెన్నై రేవు వెలుపల లంగరు వేసి ఉన్న 'ప్రతిభా కావేరి' అనే చమురు ఓడ గాలికి కొట్టుకుపోయి బెసెంట్ నగర్ సమీపాన ఇసుకలో కూరుకున్నది. అందులో 37 మంది సిబ్బంది ఉన్నారు. వారిలో కొందరు రక్షణ పడవలోకి దిగారు. విరుగుతున్న కెరటాలలో ఆ పడవ తలకిందులై ఆరుగురు మరణించారు. ఓడను విడువకుండా ఉండిపోయినవారు ప్రాణాలతో బయటపడ్డారు. 2020 అక్టోబరులో వాయుగుండం వేళ విశాఖపట్నంలో బంగ్లాదేశ్‌కు చెందిన 'మా' అనే సరుకు ఓడ లంగరు నిలువక తెన్నేటి పార్కు దిగువన రాళ్ళపైకి చేరడం ఆ నగరానికి వెళ్ళివచ్చిన చాలామంది కళ్ళారా చూసినదే.

నార్వేలో ఆనాడు కెప్టెన్ రక్షణ పడవలను దింపకపోవడానికి కారణం చెన్నై దుర్ఘటనను తెలిసినవారికి వేరే చెప్పనక్కరలేదు. పెద్ద కెరటాలలో పెద్ద ఓడే సురక్షితమైన పడవ. మునుగుతున్నదని నిశ్చయమైతే తప్ప దానిని విడువరాదు. రేవులో ఉన్న పెద్ద ఓడలను తుఫానుకు ముందు నడిసముద్రానికి పంపివేయడం చూసి, ఇదేమి విపరీతమని ఒడ్డునున్నవారు ఆశ్చర్యపడుతుంటారు. గట్టుకు కట్టిన ఓడను కెరటం గట్టుకేసి బాదుతుంది. బయట ఓడకు కదలడానికి చోటున్నది, లోతున్నది.

తుఫానులను గూర్చిన శాస్త్రానికి మన కోస్తాతో సంబంధం ఉన్నదని చాలామందికి తెలియదు. యానాం పొరుగున ఉన్న కోరంగి రేవు 1789లోను, 1839లోను తుఫాను కెరటాలకు ధ్వంసమైంది. కలకత్తాలో పనిచేసిన హెన్రీ పిడింగ్టన్ అనే ఆంగ్లేయుడు కోరంగి ఉత్పాతాన్ని, అటువంటి ఇతర తుఫానులను పరిశీలించి, గాలి సర్పం చుట్టచుట్టుకున్నట్లు కేంద్రం చుట్టూ తిరుగుతుందని వివరిస్తూ 'సైక్లోన్' అనే పదాన్ని కల్పించాడు. నావికుల కొరకు 1848లో ప్రచురించిన గ్రంథంలో దానిని వాడాడు. తుఫాను కేంద్రం ఎటున్నదో తెలుసుకుని తప్పుకోవడం ఓడకు సాధ్యమన్నది ఆ గ్రంథపు ఉద్దేశం. భూమధ్యరేఖకు ఉత్తరాన గాలికి ఎదురుగా నిలబడితే తుఫాను కేంద్రం కుడిచేతి వైపు ఉంటుంది. తుఫాను నడిచే దారికి కుడిపక్క గాలి మరింత బలంగా వీస్తుంది, ఓడను తుఫాను దారిలోకే నెడుతుంది. ఎడమపక్క కొంత నయం. ఉపగ్రహాలు వచ్చినా నావికులకు ఈ సూత్రాన్ని నేటికీ నేర్పుతున్నారు.

బంగాళాఖాతంలో తుఫాను సాధారణంగా గంటకు పది, ఇరవై కిలోమీటర్ల వేగంతో కదులుతుంది. విహారనౌక ముప్పై అయిదు కిలోమీటర్లకు పైగా పోగలదు. కనుక ముందుగా తెలిస్తే తప్పుకుపోవడం దానికి అసాధ్యం కాదు. రేవు మూసివేసినందువల్ల యాత్ర ఆలస్యం కావడం, ఒక ఊరికి బదులు మరొక ఊరికి పోవడం మాత్రం తప్పదు.

రేవు హెచ్చరికల విషయంలో ఒక మాట. తీరప్రాంత పత్రికలు ఏ సంఖ్య ఎగురవేసినా 'ప్రమాద హెచ్చరిక' అనే రాస్తాయి. వాస్తవానికి 1, 2 సంఖ్యలు దూరాన సముద్రంలో వాయుగుండమో తుఫానో ఉన్నదని ఓడలకు తెలిపేవి. 3, 4 స్థానికంగా రేవుకు గాలి తాకిడి ఉండవచ్చునని చెప్పేవి. 5 నుండి 7 వరకు ప్రమాద సూచనలు, 8 నుండి 10 వరకు మహాప్రమాద సూచనలు. 11వ సంఖ్యకు అర్థం వాతావరణ కేంద్రంతో సంబంధాలు తెగిపోయాయని. మూడవ సంఖ్య చూసి యాత్ర మానుకోవలసిన పని లేదు, ఎనిమిదవ సంఖ్య వచ్చిననాడు ఏ నౌకా ప్రయాణికులను ఎక్కించుకోదు.

యాత్రకు బయలుదేరేవారికి

ఒకప్పుడు గోపాలపూర్, బారువ, కళింగపట్నం, విశాఖపట్నం, కాకినాడ రేవుల నుండి వేలాది తెలుగువారు రంగూనుకు పొగఓడలలో పోయేవారు. వారిలో అధికులకు దొరికినది ఓడ పైతట్టు మీద చాపంత చోటు. నేడు విహారం కొరకే ఓడ ఎక్కే కాలం వచ్చింది. 2022 జూన్‌లో చెన్నై నుండి విశాఖపట్నానికి విహారనౌక వచ్చింది. 2023 సెప్టెంబరులో విశాఖలో విహారనౌకల కొరకు ప్రత్యేకంగా నిర్మించిన టెర్మినల్ ప్రారంభమైంది. సరిహద్దు గ్రామాల కుటుంబాలు కూడా ఈ యాత్రలను గూర్చి విచారించడం కొత్త కాదు. పిల్లలు విదేశాలలో ఉండి తల్లిదండ్రులకు టికెట్లు కొని పంపడం కూడా జరుగుతున్నది.

కాలాన్ని ఎంచుకోవడం మొదటి సంగతి. బంగాళాఖాతంలో ఏప్రిల్ నుండి జూన్ మొదటివరకు, మరల అక్టోబరు నుండి డిసెంబరు వరకు తుఫానుల కాలం. నైరుతి ఋతుపవనాల వేళ అరేబియా సముద్రం కల్లోలంగా ఉంటుంది. టికెట్టు చవకగా దొరికినదంటే ఏ నెలకో చూసి కొనాలి. గదిని ఎంచుకునేటప్పుడు కింది అంతస్తులలో, ఓడ మధ్యభాగంలో ఉన్నది మేలు. ఆర్టీసీ బస్సులో చివరి సీటుకు, నడుమ సీటుకు గల తేడాయే ఇక్కడ కూడా. పై అంతస్తున ముక్కు దగ్గరి గది ఎక్కువ ధర పలుకుతుంది, గాలివానలో ఎక్కువ ఊగేదీ అదే.

సముద్రపు వాంతులు పిరికితనం కాదు, జబ్బు కూడా కాదు. గదిలో కూర్చున్నవారి కన్ను 'కదలిక లేదు' అంటుంది, చెవి లోపలి సమతౌల్య భాగం 'ఊగుతున్నాము' అంటుంది. ఈ తగవు కడుపులో తేలుతుంది. బయటకు వచ్చి దిక్చక్రాన్ని చూస్తుంటే రెండూ రాజీపడతాయి. బయట తిరగరాని వాతావరణంలో వెల్లకిలా పడుకుని కళ్ళు మూసుకోవడం మంచిది. అల్లం కొందరికి ఉపశమనం ఇస్తుంది. అవోమిన్ వంటి మాత్రలు వాంతులు మొదలయ్యాక కాక, ప్రయాణానికి ముందే వేసుకున్నప్పుడు పనిచేస్తాయి. వాటి వలన మత్తు వస్తుంది. పెద్దవయసువారు, గర్భిణులు, ఇతర మందులు వాడేవారు వైద్యుని అడిగి వాడాలి. పులిహోర, నూనె వంటకాల కన్న పొడి బిస్కెట్లు, మరమరాలు ఆ వేళ మేలు. రోజూ వేసుకునే బీపీ, షుగరు మందులను రెండు మూడు రోజులకు సరిపడా అదనంగా, చేతిసంచిలోనే ఉంచుకోవాలి. ఓడ తిరిగి చేరడం ఆలస్యమైతే సముద్రం మధ్యన మందుల దుకాణం ఉండదు.

ఓడ ఎక్కిన తొలి గంటలలోనే ప్రయాణికులందరికీ రక్షణ శిక్షణ ఉంటుంది. 2012 జనవరి 13న ఇటలీ తీరాన 'కోస్టా కాంకోర్డియా' మునిగి 32 మంది మరణించారు. ఆనాడు తుఫాను లేదు, సముద్రం నిశ్చలంగా ఉన్నది. ఓడ తీరానికి మరీ దగ్గరగా పోయి రాతిని ఢీకొన్నది. ఆ సాయంత్రం ఎక్కిన ప్రయాణికులకు శిక్షణ ఇంకా జరుగలేదు. అందువలన బయలుదేరకముందే, లేదా బయలుదేరిన వెంటనే శిక్షణ జరిపి తీరాలని అంతర్జాతీయ నిబంధనను 2015 నుండి అమలుచేస్తున్నారు. ఏడు పొట్టి కూతలు, ఆపై ఒక పొడుగు కూత వినబడితే అది అత్యవసర సంకేతం. తాము చేరవలసిన చోటు ఏ అంతస్తులో, ఏ పక్కన ఉన్నదో, దీపాలు లేకపోయినా అక్కడికి పోగలిగేట్లు ఒకసారి నడిచి చూసుకోవాలి. లిఫ్టు వాడరాదు. మన కుటుంబాలలో ఈ శిక్షణ సమయంలో భోజనశాలకు చేరుకునేవారు, పిల్లల నిద్ర పాడవుతుందని గదిలోనే ఉండిపోయేవారు కనబడతారు. అది ఏ మాత్రం సమర్థనీయం కాదు.

ఓడ ఊగేటప్పుడు ఒక చేయి ఎల్లప్పుడూ కమ్మీ మీద ఉండాలి. ద్వారబంధం మీద వేళ్ళు పెట్టరాదు. బరువైన తలుపు ఊపుకు మూసుకుని వేళ్ళు నలగడం ఓడలలో తరచుగా జరిగే గాయం. గడప ఎత్తుగా ఉంటుంది, చీరకట్టులో ఉన్నవారు చూసి దాటాలి. మెత్తని అడుగున్న బూట్లు వేసుకోవాలి, హవాయి చెప్పులు పనికిరావు. సీసాలు, అద్దాలు, ఇనుపపెట్టె బల్లల మీద ఉంచక నేలమీదికి దింపాలి. బాల్కనీ తలుపు గడియ వేసి ఉంచాలి.

డబ్బు సంగతి కూడా చెప్పాలి. ఒక రేవును వదలివేసే హక్కు, యాత్రను కుదించే హక్కు కెప్టెన్‌కు ఉన్నట్లు టికెట్టు ఒప్పందాలలో సాధారణంగా రాసి ఉంటుంది. అట్టి సందర్భాలలో చాలాచోట్ల ఆ రేవు రుసుము మాత్రమే తిరిగి ఇస్తారు. చూడదలచిన ఊరు చూడలేదని సిబ్బందితో కలహించడం వలన ఫలితం లేదు. ఆ నిర్ణయమే ప్రయాణికులను కాపాడుతున్నది. వాతావరణం వలన కలిగే రద్దుకు, ఆలస్యానికి వర్తించే ప్రయాణ బీమా తీసుకోవడం, తిరుగు రైలు టికెట్టును ఓడ చేరే రోజుకే కాక ఒకటి రెండు రోజుల తరువాతకు ఉంచుకోవడం వివేకం.

ఇంటి దగ్గర ఉన్నవారు గుర్తుంచుకోవలసినది మరొకటి ఉన్నది. తీరం దాటిన కొద్దిసేపటికే మామూలు సెల్‌ఫోన్లకు సిగ్నల్ పోతుంది. గాలివానలో ఓడలోని ఉపగ్రహ సంబంధం కూడా నిలకడగా ఉండకపోవచ్చు. కుమారుడో, తల్లిదండ్రులో ఒక రాత్రంతా ఫోనుకు పలకకపోవడం ఆపదకు నిదర్శనం కాదు. యాత్రికులు బయలుదేరే ముందు ఓడ పేరు, గది సంఖ్య, టికెట్టు సంఖ్య, నౌకాసంస్థ కార్యాలయపు ఫోను సంఖ్య ఒక కాగితం మీద రాసి ఇంట ఇచ్చి వెళ్ళాలి. టీవీలో వచ్చే తుఫాను చిత్రాలు చూస్తూ కూర్చునే బదులు ఆ సంఖ్యకు ఫోను చేసి విచారించవచ్చు.